పడటం వచ్చు, అడగటం రాదు

ఎవరూ చూడనప్పుడు మీరు ఎప్పుడైనా ఎవరికైనా సాయం చేశారా? చేశానంటారా, సరే. ఆ సంగతి తరవాత ఎవరికీ చెప్పలేదు కదా? భోజనాల దగ్గర, మాటల మధ్యలో, "మనదేముందండీ, ఏదో చేతనైనంత" అంటూ తల కాస్త వంచుకుని? చెప్పి ఉంటే మీ సాయం చెల్లదు. ఈ తీర్పు నాది కాదు, సిడ్నీలో నా పై అధికారిగా ఉన్న ప్రొఫెసరుది. ఆయన లెక్కలో మనుషుల మంచితనం రెండే రకాలు: అసలుది, ఎత్తుగడది. అసలుది ఇంతవరకూ తన కంటపడలేదనీ, పడితే ఫొటో తీసి గోడకి తగిలిస్తాననీ అనేవారు.

అప్పట్లో నేను అక్కడ ఒక యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్ర విభాగంలో రిసెర్చ్ అసిస్టెంటుని. తొంభైల మొదట్లో సంగతి ఇది. ఆస్ట్రేలియాలో ఉద్యోగాలు ఊడిపోతున్న రోజులు. ఎండాకాలం, చలికాలం ఒకే నిక్కరు వేసుకుని, మోకాళ్ల దాకా మేజోళ్లు లాక్కుని సైకిలు మీద వచ్చే ఆ ప్రొఫెసరు నాకు మొదటి రోజే నచ్చేశారు. నేను సంస్కరణ సభల్లో పెరిగినదాన్ని. మా నాన్న నన్ను వాదోపవాదాలకి తీసుకెళ్లి బల్ల మీద నిలబెట్టేవాడు. పుణ్యం అంటే ఏమిటి? ఇక్కడ కట్టి అక్కడ తీసుకునే డిపాజిట్. అన్నదానం దేనికి? గోడ మీద చలవరాతి పలక కోసం. ఇలా దంచేదాన్ని. మా హేతువాద సభల్లో కూడా వక్తలు దండ పడకుండా దిగేవారు కారన్న సంగతి మాత్రం నేను ప్రస్తావించేదాన్ని కాదు. అలాంటి నాకు, మంచితనం అంతా బేరమేనని శాస్త్రబద్ధంగా నిరూపించే ఉద్యోగం దొరికింది. పైగా జీతం కూడా!

ప్రయోగం చాలా సులువు. సిడ్నీ శివార్లలో బ్లాక్‌టౌన్ స్టేషన్ మెట్లు. పొద్దున్న ఆఫీసులకి పరుగెత్తే జనం. ఒక మనిషి సంచితో దిగుతూ తడబడి కూలబడతాడు. సంచిలోవి దొర్లుతాయి. కొన్ని రోజులు మెట్ల పక్కన మా విద్యార్థులు ఇద్దరు మెడలో కెమెరాలతో, పత్రికల వాళ్లలా నిలబడతారు. మిగతా రోజుల్లో ఎవరూ ఉండరు, స్తంభం వెనక నేను తప్ప. కెమెరా ఉన్నప్పుడే వంగి ఏరినవాళ్లు ఎత్తుగడ మనుషులు. లేనప్పుడు కూడా వంగినవాళ్లు అసలు మనుషులు. రైల్వే వాళ్ల అనుమతి ఉంది. మెట్లు చూసుకునే స్టేషన్ ఉద్యోగి మాత్రం మాకు అనుమతి ఇవ్వలేదు. భారీ మనిషి, ఎర్రటి మెడ. "మళ్లీ వచ్చారా" అని రోజూ చీపురు చూపించేవాడు.

పడే మనిషి కావాలి. దొరికాడు. తెనాలి దగ్గరనుంచి వచ్చిన డాక్టరు. అక్కడ ప్రభుత్వాసుపత్రిలో రోగులు వరసలు కట్టిన మనిషి. ఇక్కడి పరీక్ష పాసైతే తప్ప జ్వరానికి మాత్ర కూడా రాయకూడదు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో నేలలు తుడుస్తూ చదువుకుంటున్నాడు. రాత పరీక్ష అయింది. ఆస్పత్రిలో రోగిని చూసి చెప్పాల్సిన పరీక్ష ఒక్కటే మిగిలింది. అది తప్పితే మళ్లీ ఏడాది దాకా లేదు. ఫ్యాక్టరీలో అప్పటికే సగంమందిని ఇంటికి పంపేశారు. అందుకని, పడటం ఉద్యోగంగా ఒప్పుకున్నాడు.

ప్రొఫెసరు సంచిలో నారింజపళ్లు పెట్టమన్నారు. డాక్టరు ఒప్పుకోలేదు. "దెబ్బ తగిలితే కుళ్లిపోతాయక్కా. ఉల్లిపాయలైతే సాయంత్రం వండుకోవచ్చు." ఆ ప్రయోగం నడిచినన్నాళ్లూ వాళ్లింట్లో ఉల్లిపాయ పులుసే. వాళ్లావిడ నన్ను చూస్తే మొహం తిప్పుకునేది.

పడటంలో ఆయనకి వంక పెట్టటానికి లేదు. పడ్డ తరవాతే వచ్చింది చిక్కంతా. మొదటి రోజు ఒక పెద్దావిడ గబగబా వచ్చి వంగబోయింది. మా వాడు ఆవిడకంటే ముందు లేచి, "వద్దు మేడమ్, ప్లీజ్, మీకెందుకు శ్రమ, మీ ట్రెయిను వస్తోంది" అని చేతులు అడ్డం పెట్టి ఉల్లిపాయలన్నీ తనే ఏరేసుకున్నాడు.

నేను స్తంభం వెనకనుంచి వచ్చాను. "ఆవిడ సాయం చేసినట్టా, చెయ్యనట్టా? నేనేం రాసుకోను?"

"పెద్దావిడక్కా. వంగితే నడుం పట్టేస్తుంది. నేను డాక్టర్ని."

"మీరిప్పుడు డాక్టరు కాదు. పడిపోయిన మనిషి."

"పడిపోతే మాత్రం మర్యాద ఉండదా?"

నోరు మూసుకుని సాయం పుచ్చుకోవాలని గట్టిగా చెప్పాను. మర్నాడు పుచ్చుకున్నాడు. ఏరిపెట్టిన కుర్రాడి చేతిలో రెండు ఉల్లిపాయలు పెట్టి దణ్ణం పెట్టాడు. "ఊరికే చేయించుకుంటే ఎలా అక్కా? ఆ అబ్బాయి నాకేమవుతాడు?" ఆ తరవాత ఇంకొకాయన్ని ఆదివారం భోజనానికి పిలిచాడు. ఆయన వెళ్లాడు కూడా. ఉల్లిపాయ పులుసు తిన్నాడు.

ప్రొఫెసరు నన్ను పిలిపించారు. "మీవాడికి ఏమిటి జబ్బు?"

"మొహమాటం" అన్నాను. దానికి ఇంగ్లీషు మాట లేదు.

"సిగ్గా?"

"కాదు."

"మర్యాదా?"

"కాదు."

"భయమా?"

"కొంచెం. ప్రేమ కూడా కొంచెం ఉంటుంది, మనిషిని బట్టి." ఇక లాభం లేదని ఉదాహరణకి దిగాను. "పోయిన నెల మీ ఇంటికి భోజనానికి వచ్చాను కదా? మీ ఆవిడ మాంసం మూడోసారి వడ్డిస్తే తిన్నాను కదా? అదే."

"అంటే, అది బాగాలేదా?"

"ఆ మాట అనలేకపోవటమే మొహమాటం."

"ఇప్పుడు అన్నావుగా."

"ఇది పరిశోధన కదండీ."

ఆయన పెన్ను తీశారు. "సరే, ఆ మూడోసారి తినటం అసలుదా, ఎత్తుగడదా?" రెండూ కాదన్నాను. కాగితం మీద ఉన్నవి రెండు గడులే అన్నారు. డాక్టరు గురించి నన్నే చూసుకోమన్నారు. నేను మందలిస్తూ ఉన్నాను, డాక్టరు తగ్గుతూ ఉన్నాడు. చివరికి ఉల్లిపాయలు పంచటం మానేసి, పెదవులు బిగించి, కళ్లు మూసుకుని సాయం భరించటం నేర్చుకున్నాడు. సూది వేయించుకునేవాడి మొహం అలాగే ఉంటుంది.

ఈలోగా నా దగ్గర మనుషులు పోగయ్యారు. పేర్లు రాయం, గుర్తులు రాస్తాం. నా అసలు మనిషి "బూడిదరంగు కోటు". కెమెరా ఉన్నా లేకపోయినా ఆగేవాడు, మోకాళ్ల మీద కూచుని మరీ ఏరేవాడు. ఆయన్ని చూస్తే నాకు మానవజాతి మీద నమ్మకం కుదిరేది. నా ఎత్తుగడ మనిషి "బట్టతల, నల్ల సంచి". ఆయన్ని నాకు బాగా తెలుసు. గుంటూరు వైపునుంచి వచ్చి స్థిరపడ్డ చర్చి పెద్ద. ఎవరికైనా ఫ్రిజ్ మోసిపెడితే ఆదివారం మైకులో, "ప్రభువు నా చేత మోయించాడు" అని ఎన్ని మెట్లు, ఎంత బరువు చెప్పేవాడు. మేమిద్దరం ఎదురుపడితే చాలు, వాదనే. ఒంటరిగా వచ్చిన రోజున ఆయన దొర్లుతున్న ఉల్లిపాయల్ని దాటుకుంటూ వెళ్లేవాడు. చర్చివాళ్లు పక్కనుంటే వంగి ఏరేవాడు. ఎంత చక్కటి రుజువు! రాసుకున్నది మళ్లీ మళ్లీ చదువుకునేదాన్ని.

ఇక ఆ రోజు. రాత్రంతా వాన. మెట్లు తడిగా ఉన్నాయి. డాక్టరు సూటు, టై వేసుకుని, ఒక చేతిలో ఉల్లిపాయల సంచి, ఒక చేతిలో స్టెతస్కోపు ఉన్న బ్యాగుతో వచ్చాడు.

"ఏమిటీ వేషం?"

"ఇవాళే పరీక్షక్కా. సిటీలో. ఒక్కసారి పడి, ఆ ట్రెయినుకే వెళ్లిపోతాను."

"మరి ఇవాళెందుకు వచ్చారు?"

"ప్రొఫెసరు గారు వరండాలో కనపడి అడిగారు, గురువారం వస్తావా అని. పెద్దాయన. ఎలా కాదంటాను?"

వెళ్లిపొమ్మన్నాను. వినలేదు. "ఇంతదూరం వచ్చాక బాగోదు" అంటూ పైకి ఎక్కాడు. ఆయన పడాల్సింది కింద మూడో మెట్టు దగ్గర. అలా అయితే దెబ్బ తగలదు. ఆ రోజు పైనుంచే పడ్డాడు. టై గాలిలోకి లేచింది, ఉల్లిపాయలు ప్లాట్‌ఫారం దాకా దొర్లాయి. నేను స్తంభం వెనక, పరవాలేదు, చెయ్యి తిరిగింది అనుకున్నాను.

రోజూ వచ్చేవాళ్లకి ఆ సరికి విషయం తెలిసిపోయింది. ఒకాయన చప్పట్లు కొట్టాడు. "ఇవాళ అదిరింది, మేట్" అని ఇంకొకాయన దాటిపోయాడు. తెలియనివాళ్లు మాత్రం ఆగారు. ఒక నర్సమ్మ వంగి, "బాగానే ఉన్నావా, లవ్?" అని అడిగింది. డాక్టరు చిరునవ్వు నవ్వాడు. "చాలా బాగున్నాను. మీ ట్రెయిను చూసుకోండి." ఆవిడ వెళ్లిపోయింది. తరవాత ఒక స్కూలు పిల్ల, ఒక ముసలాయన. అందరినీ అలాగే మర్యాదగా పంపించేశాడు. అదేమిటి, నేర్పిందంతా మరిచాడా అని కోపంగా బయటికి వచ్చాను. దగ్గరికి వెళ్లి చూస్తే మొహం తెల్లబడి ఉంది, చీలమండ బూటు దాటి ఉబ్బుతోంది.

"విరగలేదక్కా" అన్నాడు, వేరెవరి కాలో చూస్తున్నట్టు. "బెణికింది. ఐసు పెట్టాలి."

"లేవగలరా?"

"లేవలేను."

"మరి అందరితో బాగున్నానంటారేమిటి!"

"వాళ్లకి ఆఫీసులుంటాయి కదా."

ట్రెయిను వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. నేను ఒక్కదాన్నే ఆయన్ని లేపబోతే ఇద్దరం ఒక మెట్టు జారాం. తలుపులు మూసుకున్నాయి, ట్రెయిను వెళ్లిపోయింది. తరవాతది పరీక్ష వేళకి చేరదు. ఆయన దాన్నే చూస్తూ, "పోనీలెండక్కా. వచ్చే ఏడాది..." అన్నాడు. ఆ "పోనీలెండి" విన్నాక నాకు సభ పూనింది.

"అడగండి!"

"ఎవర్ని?"

"ఎవర్నైనా! ఇంతమంది వెళుతున్నారు!"

"వాళ్లెందుకు చేస్తారక్కా? వాళ్లకి నేనేం చేశాను?"

"అదీ సంగతి! సాయమంటే అప్పనుకుంటున్నారు మీరు. తీర్చలేనని తీసుకోవటం లేదు. ఇదేం వినయం? లోకంలో ప్రతివాడూ షావుకారే అనుకునేవాడి పొగరిది! మీ కంటే మా ప్రొఫెసరు నయం. ఆయన అసలైన మనిషి ఎక్కడైనా ఉంటాడేమోనని వెతకనన్నా వెతుకుతున్నాడు. మీరు వచ్చినవాళ్లని వచ్చినట్టే తరిమేస్తున్నారు! నోరు తెరవండి!"

బ్లాక్‌టౌన్ స్టేషన్‌లో ఒక తెలుగు ఆడమనిషి, కాలు విరిగినట్టు పడున్న మనిషి మీద అరుస్తుంటే జనం మాత్రం బాగా ఆగారు. డాక్టరు వాళ్లని చూశాడు. తెనాలి ఆసుపత్రిలో వందలమందికి నాలుక చాపమని ఆజ్ఞాపించిన గొంతు అది. సన్నగా, క్షమాపణ చెప్పుకుంటున్నట్టు వచ్చింది: "ఎక్స్‌క్యూజ్ మీ. ఇవాళ నిజంగానే పడ్డాను. సిటీలో పరీక్ష ఉంది. నాకు సాయం కావాలి."

స్టేషన్ ఉద్యోగి ముందు పెద్దగా నవ్వాడు. తరవాత చీలమండ చూశాడు. చీపురు గిరవాటు పెట్టి ఒక్క ఊపున డాక్టర్ని సంచిలా ఎత్తేశాడు. "ముందే చెప్పొద్దూ, మూర్ఖుడా!" ఎవరో ఐసు తెచ్చారు, ఎవరో బ్యాగు అందుకున్నారు. జనాన్ని తోసుకుంటూ బట్టతల వచ్చింది.

"తప్పుకోండి, తప్పుకోండి. చెల్లెమ్మా, పరీక్ష ఎక్కడ? నా కారు బయటే ఉంది."

"మీ డ్యూటీ, అన్నయ్యగారూ?"

"ముందు ఎక్కు."

మోటార్‌వే మీద ఆ పాత కారు వణుకుతూ పోతోంది. వెనక సీట్లో డాక్టరు కాలు చాపుకుని మూలుగుతున్నాడు. చర్చి పెద్ద అద్దంలోంచి నా వైపు చూశాడు.

"నన్ను ఏ గడిలో వేశావు చెల్లెమ్మా?"

"పేర్లు రాయం అన్నయ్యగారూ."

"పేరెందుకు? బట్టతల, నల్ల సంచి అని రాసుంటావు."

నేను దగ్గాను. "ఒంటరిగా వచ్చినప్పుడు మీరు ఒక్కసారి కూడా ఆగలేదు."

"ఎందుకాగుతాను? చిలకపచ్చ కోటు వేసుకుని స్తంభం వెనక దాక్కుంటే కనపడవనుకున్నావా? నాటకమని తెలిసి కూడా ఏరితే అది సాయమా? వేషం!"

"మరి చర్చివాళ్లతో వచ్చినప్పుడు ఏరారే?"

"వాళ్లకి తెలీదుగా. వాళ్లు వంగి ఏరుతుంటే పక్కన నేను నిటారుగా నిలబడనా? బాగోదు."

"మొహమాటం" అన్నాడు వెనకనుంచి డాక్టరు, మూలుగు ఆపి.

ఆస్పత్రి గుమ్మం దగ్గర ఉద్యోగిని గడియారం చూసి, వేళ దాటింది, లోపలికి పంపటం కష్టం అంది. అలాంటి మాట వింటే సారీ చెప్పి, ఆవిడకి కలిగించిన శ్రమకి ఇంకో సారీ చెప్పి, ఇంటికి వెళ్లిపోయే మనిషి మా డాక్టరు. నేను వాదనకి నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. ఒంటికాలి మీద, గోడ పట్టుకుని, చెదిరిన టైతో అన్నాడు: "మేడమ్, మెట్ల మీద పడ్డాను. అందుకే ఆలస్యమైంది. లోపలికి వెళ్లాలి. నాకొక కుర్చీ కూడా కావాలి."

అంతే. ఎవరికీ శ్రమ వద్దనలేదు, ట్రెయిను చూసుకోమనలేదు. ఆవిడ లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి, చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. చర్చి పెద్ద బయట బెంచీ మీద కూచుని ప్రార్థన మొదలుపెట్టాడు. నేను ఆయన పక్కనే కూచుని ప్రార్థన చేయకుండా ఉన్నాను. ఎవరి పని వాళ్లం చేశాం.

డాక్టరు పాసయ్యాడు. ప్రార్థన వల్ల అన్నాడు చర్చి పెద్ద. ఐసు వల్ల అన్నాను నేను. కుర్చీ వల్ల అన్నాడు డాక్టరు. కూచుని చూడటం వల్ల రోగి చెప్పేదంతా తీరిగ్గా విన్నాడట.

ప్రొఫెసరు ఆ రోజు ఫలితాల్ని కొట్టేశారు. "కెమెరాలున్న రోజా, లేని రోజా?" అన్నది ఒక్కటే ఆయన అడిగిన ప్రశ్న. కొన్నాళ్లకి మేము సామాను సర్దుకుంటుంటే స్టేషన్ ఉద్యోగి నా దగ్గరికి వచ్చి, "ఆ బూడిదరంగు కోటాయన్ని చూసి తెగ మురిసిపోయేదానివి కదా. ఏరిన ప్రతిసారీ రెండు ఉల్లిపాయలు జేబులో వేసుకునేవాడు. చూడలేదా?" అన్నాడు. గోడకి తగిలించటానికి మా ప్రొఫెసరు కోసం నేను దాచుకున్న ఏకైక మనిషి ఆయన.

ఇక చర్చి పెద్ద ఆ ప్రయాణాన్ని వదిలిపెట్టలేదు. చర్చిలో చెప్పాడు, పిక్నిక్కుల్లో చెప్పాడు, నా రిటైర్మెంటు విందులో కూడా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కారు వేగం పెరిగేది. చివరిసారి ముందు పోలీసులు దారి కూడా చేశారు. నాకు ఒళ్లు మండేది. కాని ఒకటి గమనించాను. ఆ కథ విన్న ప్రతి సభ తరవాతా కొత్తగా వచ్చినవాళ్లు ఎవరో ఒకరు మెల్లగా ఆయన దగ్గరికి చేరేవాళ్లు. "అంకుల్, నాకు ఇంటర్వ్యూ ఉంది, కారు లేదు..." ఆయన వెళ్లేవాడు. ఆయన గొప్పలు, సాయం ఇక్కడ దొరుకును అని వీధిలో పెట్టిన బోర్డు. సద్దు లేకుండా మంచి చేసే మహానుభావుల ఇళ్లకి బోర్డుల్లేవు. ఎవరూ వెళ్లి తలుపు తట్టలేదు.

అందుకని, అసలుదా ఎత్తుగడదా అన్న తూకం నేను మానేశాను. చేసేవాడి గుండెలో ఏముందో మైకుకీ తెలీదు, స్తంభం వెనకనుంచి చూసినా తెలీదు. నాకు ఇప్పుడు కోపం చేసేవాళ్ల మీద కాదు, అడగనివాళ్ల మీద. అడగనివాణ్ణి మనవాళ్లు అభిమానవంతుడని మెచ్చుకుంటారు. నేనంటాను, మనుషులు ఊరికే ఏమీ చెయ్యరని మా ప్రొఫెసరు కంటే గట్టిగా నమ్మినవాడు వాడే. ఆ నమ్మకం తప్పని తేలే అవకాశం కూడా ఎదుటివాడికి ఇవ్వడు.

మీరూ అందులోవాళ్లే, నాకు తెలుసు. ఎవరినో అడగాల్సిన పనొకటి మీ దగ్గర ఇప్పుడు కూడా ఉంది. చాలా రోజులుగా "పోనీలే" అనుకుంటున్నారు. ఇది చదవటం ఆపి లేవండి. ఫోను తియ్యండి. "మీకు ఇబ్బంది లేకపోతే" అనకుండా, "వీలు చూసుకునే" అనకుండా, కావలసింది కావాలని అడగండి. వాళ్లు చేస్తే థాంక్స్ చెప్పండి, అక్కడితో ఊరుకోండి. స్వీటు డబ్బా పట్టుకెళ్లకండి.